ఊరి లెక్కలో మన పని ఎక్కడ?

జిల్లా జనాభా లెక్కల పుస్తకంలో ఒక్కో ఊరికి దక్కేది ఒక్క వరుస. ఊరి పేరు, ఇళ్ల సంఖ్య, మొత్తం జనం, అందులో మగవాళ్లు ఎందరు, ఆడవాళ్లు ఎందరు, ఆరేళ్ల లోపు పిల్లలు, షెడ్యూల్డు కులాలవాళ్లు, షెడ్యూల్డు తెగలవాళ్లు, చదువు వచ్చినవాళ్లు, పని చేసేవాళ్లు, చేయనివాళ్లు. పని చేసేవాళ్లను మళ్లీ రెండుగా విడదీస్తారు: ఏడాదిలో ఆరు నెలలు లేదా అంతకు మించి పని చేసినవాళ్లు, అంతకంటే తక్కువ చేసినవాళ్లు. వాళ్లనే మళ్లీ సాగుదారులు, వ్యవసాయ కూలీలు, కుటుంబ పరిశ్రమలో ఉన్నవాళ్లు, ఇతరులు అని నాలుగు రకాలుగా పంచుతారు. చిట్టచివరి గడి 'పని చేయనివారు'. మన జిల్లాల పుస్తకాలు తిరగేస్తే ఆ చివరి గడిలో సాధారణంగా మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. తెల్లవారుజామున పేడకళ్లు ఎత్తడంతో మొదలుపెట్టి రాత్రి అంట్లు తోమేదాకా నడుం వాల్చని మనుషులు ప్రభుత్వ పుస్తకంలో ఆ గడిలోకి ఎలా చేరారన్నది ఈ సంచికలో చర్చించదలచుకున్నాను.

దీన్ని ఇప్పుడే ఎత్తుకోవడానికి కారణం ఉంది. 2011 తర్వాత 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2025 జూన్ 16న కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటన చేసి, మంచు కురిసే కొన్ని ప్రాంతాలు మినహా దేశమంతటికీ 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా నిర్ణయించింది. అంటే పదహారేళ్ల తర్వాత మన ఊరి వరుస మళ్లీ రాయబోతున్నారు. 1931 తర్వాత తొలిసారిగా అన్ని కులాల లెక్కా ఇందులో చేరుతుంది. ఈ వరుసలో ఒకసారి పడిన అంకె మరో పదేళ్లు, ఒక్కోసారి అంతకు మించి, మన మీద అధికారం చేస్తుంది.

నేను చెప్పదలచింది ఒక్క మాట. ప్రభుత్వం ఊరి ఆడవాళ్ల కాన్పులను లెక్కపెట్టినంత శ్రద్ధగా వాళ్ల పనిని ఎన్నడూ లెక్కపెట్టలేదు. ఆ రెండో లెక్క సరిగ్గా రావాలంటే లెక్కల సారు గడప ముందుకు వచ్చినప్పుడు జవాబు చెప్పే మనిషి స్త్రీ కావాలి.

ఒక వరుసతో ఏమవుతుందని కొందరు కార్యకర్తలు నన్ను అడుగుతుంటారు. చాలా అవుతుంది. మైదాన ప్రాంతంలో 400 నుంచి 800 మంది జనానికి ఒక అంగన్‌వాడీ కేంద్రం, 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది ప్రమాణం. గిరిజన ప్రాంతాల్లో ఉపకేంద్రానికి 3,000, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 20,000. పంచాయతీల్లో దళితులకు, ఆదివాసులకు ఎన్ని స్థానాలు కేటాయించాలో రాజ్యాంగం జనాభా దామాషాను బట్టే తేల్చమంది. 2013 ఆహార భద్రతా చట్టం గ్రామీణ జనాభాలో 75 శాతం మందికి చౌక ధాన్యం హక్కుగా ఇచ్చింది. ఏ రాష్ట్రంలో ఎంత మందికన్న కోటాను మాత్రం 2011 లెక్కల మీద కట్టారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు, పెళ్లయి కొత్త కాపురానికి వచ్చిన ఆడపిల్లలు ఆ కోటాలో చోటు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఇక 2023లో 106వ రాజ్యాంగ సవరణ చట్టసభల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాలు కేటాయిస్తూనే, అది తర్వాత జరిగే తొలి జనగణన, దాని మీద జరిగే నియోజకవర్గాల పునర్విభజన పూర్తయ్యాకే అమలవుతుందని రాసుకుంది. ఊరి వరుసకూ మన హక్కులకూ మధ్య ఇన్ని ముడులున్నాయి.

ఇప్పుడు పని గడుల దగ్గరికి వద్దాం. 1961 జనగణనలో వ్యవసాయం వంటి సీజను పనుల్లో, ఆ సీజనులో ఎక్కువ రోజులు రోజుకు గంటకు మించి పని చేసినా పనివాళ్లుగా రాసుకున్నారు. దేశంలో పని చేసే స్త్రీలు సుమారు 6 కోట్ల మంది తేలారు. 1971లో ప్రశ్న మార్చారు. 'నీ ముఖ్యమైన వ్యాపకం ఏమిటి?' అని అడిగారు. ఇంటి పని చూసుకుంటానన్న స్త్రీ, పొలం పని కూడా చేస్తున్నా, పని చేయనివాళ్లలోకి పోయింది. జనాభా పెరిగింది, కానీ పని చేసే స్త్రీల సంఖ్య మూడు కోట్ల చిల్లరకు పడిపోయింది. ఆ పదేళ్లలో మన తల్లులు, అమ్మమ్మలు నాట్లు వేయడం మానలేదు, కలుపు తీయడం మానలేదు. ప్రశ్న మారినందువల్ల మూడు కోట్ల మంది కాగితం మీది నుంచి మాయమయ్యారు. పనిలో స్త్రీల వాటా తరిగిపోవడాన్నీ, జనాభాలో వాళ్ల నిష్పత్తి పడిపోవడాన్నీ కలిపి చూపి దేశాన్ని నిలదీసింది 1974లో వచ్చిన 'సమానత్వం దిశగా' నివేదిక. మన దేశంలో స్త్రీల అధ్యయనాలకు అది పునాది అయింది.

ఆ తర్వాత దేవకీ జైన్, మాలినీ చంద్ 1970లలో రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో ఆడవాళ్లు గంట గంటకూ ఏం చేస్తున్నారో రాయించారు. సర్కారు లెక్కల్లో పని లేనివాళ్లుగా నమోదయిన స్త్రీలు పశువులు కాయడం, కలుపు తీయడం, గింజలు నూర్చి బాగుచేయడం వంటి పనులు గంటల తరబడి చేస్తున్నారని ఆ అధ్యయనం చూపింది. స్త్రీల సంఘాలు, పరిశోధకులు పట్టుబట్టిన మీదట 1991 జనగణన ప్రశ్నలో 'సొంత పొలంలో గానీ, ఇంటి వ్యాపారంలో గానీ కూలి లేకుండా చేసే పనితో సహా' అన్న మాట చేరింది. 2001 నుంచి ఇంటి వాడకానికే అయినా సరే పాడి చూసుకునే మనిషిని పనివారిగానే రాయాలన్న నియమం వచ్చింది. అంటే ఇంట్లో ఒక్క గేదె ఉండి, దాని మేత, కుడితి, పాలు చూసుకునే ఆడమనిషి నిబంధన ప్రకారం పని చేసే మనిషే. ఈ నియమం మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

నియమం మారింది కానీ గడప దగ్గరి మాట మారలేదు. పదిహేనేళ్లకు పైగా ఇంటింటి సర్వేలు చేస్తూ నేను చూసింది ఇదే. లెక్కల మనిషి వస్తే వాకిట్లోకి వచ్చేది మగవాడు. 'మీ ఆమె ఏం పని చేస్తుంది?' అని అడిగితే 'ఏం చేస్తది, ఇంటి కాడనే ఉంటది' అంటాడు. నిజామాబాద్ వైపు ఒక ఇంట్లో ఆ మాట అంటున్న మనిషి వెనకాలే ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరించడం, చుట్టడం, కట్టలు కట్టడం, వాటిని తీసుకుపోయి అప్పజెప్పడం, తరుగు పేరుతో కోత పడితే మళ్లీ చుట్టడం, అన్నీ ఆమె పనులే. ఆ ఇంటికి ఏడాది పొడుగునా నికరంగా వచ్చే డబ్బు కూడా ఆమెదే. అతను అబద్ధం చెప్పాలనుకోలేదు. పని అంటే బయటికి పోయి చేసేదనీ, ఇంటి కప్పు కింద ఏం చేసినా అది పని కాదనీ అతనికి చిన్నప్పటి నుంచి నేర్పారు. ఆమెకూ అదే నేర్పారు. ఆమెనే నేరుగా అడిగినా మొదట వచ్చే జవాబు 'నాకేం పని, ఇంట్లోనే ఉంట' అనే.

కానీ ప్రశ్నను విడగొట్టి అడిగితే జవాబు వేరుగా వస్తుంది. 'కిందటేడు నాట్లకు ఎన్నాళ్లు పోయావు? కలుపుకు ఎన్నాళ్లు? పత్తి ఏరడానికి ఎన్నాళ్లు? మిరప కోతకు ఎన్నాళ్లు? గేదె పని రోజూ ఎవరు చూస్తారు?' అని ఒక్కొక్కటీ అడుగుతూ వేళ్ల మీద లెక్కపెడితే చాలామంది స్త్రీలకు 183 రోజులు దాటిపోతాయి. 183 అన్న అంకె గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచే పూర్తికాలపు పనివాళ్లు అనే గడి మొదలవుతుంది. అంతకు తక్కువైతే స్వల్పకాలపు పనివాళ్లు. ఏమీ చెప్పకపోతే పని చేయనివాళ్లు.

ఇందులో కులం పని చేసే తీరు కూడా గమనించాలి. రైతు కులాల వీధిలో ఇంటి ఆడమనిషి పొలం పోతుందని చెప్పుకోవడం పరువు తక్కువ. అందుకని పాడి అంతా నడిపే ఇల్లాలు గృహిణిగా నమోదవుతుంది. దళితవాడలో దీనికి ఎదురు జరుగుతుంది. అక్కడి స్త్రీ పని చేస్తుందని అడగకుండానే ఒప్పుకుంటారు, కానీ ఆమె రెండెకరాలు కౌలుకు తీసుకుని సొంతంగా పంట పెట్టినా 'కూలీ' అని రాసేసి పక్క ఇంటికి పోతారు. ఒక వీధిలో పనే కనబడదు, ఇంకో వీధిలో సాగు కనబడదు. రెండు చోట్లా పోయేది ఆడమనిషి రైతు అన్న గుర్తింపే.

ఇది మాటల పట్టింపు కాదు. 2011 లెక్కల ప్రకారం దేశంలో పని చేసే స్త్రీలు దాదాపు 15 కోట్లు. వాళ్లలో 24 శాతం సాగుదారులు, 41 శాతం వ్యవసాయ కూలీలు. ఆ ఏడాది స్త్రీ పురుషులందరినీ కలిపి చూస్తే సాగుదారులు 11.88 కోట్లకు తగ్గి, కూలీలు 14.43 కోట్లకు పెరిగారు. ఇందులో నిజంగా భూమి కోల్పోయినవాళ్లు ఎందరో ఉన్నారు. సాగు చేస్తూనే కూలీల గడిలో పడిన స్త్రీలు కూడా ఉన్నారు. జనగణన నిర్వచనం ప్రకారం సాగుదారు అనిపించుకోవడానికి పట్టా అక్కర్లేదు. డబ్బుకో, గింజలకో, పాలుకో కౌలుకు తీసుకుని చేసినా సాగుదారే. 2007 జాతీయ రైతు విధానం కూడా రైతు అనే మాటలో కౌలుదార్లను, కూలీలను కలిపింది. ఆచరణలో మాత్రం బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం, పెట్టుబడి సాయం అన్నీ పట్టా ఉన్న చేతికే పోతాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలోనూ కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. భర్త అప్పుల పాలై ప్రాణం తీసుకున్న ఇంట్లో, భూమి మామగారి పేరుతో ఉన్నదనో, కౌలుకు కాగితం లేదనో ఆ కుటుంబం రైతు కుటుంబమే కాదని తేల్చిన సందర్భాలు మనలో చాలామంది ఎరుగుదుం. అక్కడ మిగిలిన స్త్రీ అప్పుకు వారసురాలు అవుతుంది కానీ సాగుకు వారసురాలు కాదు.

పని తర్వాత పెత్తనం. ఇంటి పెద్ద ఎవరు? 2013 ఆహార భద్రతా చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం రేషన్ కార్డుకు ఆ ఇంట్లో 18 ఏళ్లు నిండినవాళ్లలో అందరికంటే పెద్ద వయసు స్త్రీ కుటుంబ పెద్ద. అదే ఇంటికి జనగణన మనిషి వస్తే, ఇంట్లోవాళ్లు ఎవరిని పెద్దగా ఒప్పుకుంటే వాళ్ల పేరు రాస్తాడు. ఆ ఒప్పుకోలు మళ్లీ మగవాడి నోటి నుంచే వస్తుంది. గల్ఫ్‌కు పోయి ఏడాదిగా ఇంట్లో లేని భర్త పేరు, చివరికి ఇంకా మీసాలు రాని కొడుకు పేరు కూడా చెబుతారు. పిల్లల ఫీజు, ఎరువుల బాకీ, చిట్టీ డబ్బు, ముసలి అత్త మందులు చూసే స్త్రీ ఆ కాగితంలో ఇంటి పెద్దకు భార్య, లేదా తల్లి.

భర్త వదిలేసిన స్త్రీల సంగతి ఇంకా అన్యాయం. 2011లో దేశంలో భర్త చనిపోయిన స్త్రీలే సుమారు 4.3 కోట్లు. భర్త వదిలేసిన ఆడపిల్ల పుట్టింట్లో ఉంటే, ఆమె తండ్రో అన్నో పరువు కోసం 'పెళ్లయింది' అని మాత్రమే చెబుతారు. 2011 పట్టికలో విడిగా ఉంటున్నవారికీ, విడాకులు పొందినవారికీ వేర్వేరు అంకెలు ఇచ్చారు. గడి ఉంది, చెప్పే నోరు లేకపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు పింఛను మొదలుపెట్టినప్పుడు దరఖాస్తు పట్టుకుని నిలబడ్డ స్త్రీలలో ఎందరు 2011 కాగితాల్లో కాపురం చేసుకుంటున్న భార్యలుగా ఉన్నారో ఆలోచించండి. ఇంకో విడ్డూరం కూడా చెప్పాలి. 1948 నాటి జనగణన చట్టం 8వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఇంట్లోని ఆడవాళ్ల పేర్లు చెప్పి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు. అలాగే భర్త పేరు చెప్పమని స్త్రీనీ బలవంతపెట్టకూడదు. ఆచారాన్ని మన్నించడానికి పెట్టిన ఆ మాట వల్ల పేరు లేకుండా లెక్కలోకి ఎక్కగలిగేది ఆడమనిషే.

ఇప్పుడు పిల్లల గడి. ఊరి వరుసలో ఆరేళ్ల లోపు మగపిల్లలు, ఆడపిల్లలు విడివిడిగా ఉంటారు. ఆడపిల్లల సంఖ్యను మగపిల్లల సంఖ్యతో భాగించి వెయ్యితో హెచ్చవేస్తే ఆ ఊరి పిల్లల నిష్పత్తి వస్తుంది. మనుషుల జోక్యం లేనప్పుడు వెయ్యి మంది మగపిల్లలకు సుమారు 950 మంది ఆడపిల్లలు పుడతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ నిష్పత్తి 1991లో 975, 2001లో 961, 2011లో 939. ఇరవై ఏళ్లలో 36 మంది తగ్గారు. గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994లో వచ్చి, 1996లో అమల్లోకి వచ్చి, 2003లో సవరణతో గట్టిపడిన కాలమే ఇది. మొత్తం జనాభాలో స్త్రీల నిష్పత్తి మాత్రం ఉమ్మడి రాష్ట్రంలో 1991లో 972 ఉంటే 2011లో 993కు పెరిగింది. ఆ పెరుగుదల చూసి మన దగ్గర ఆ సమస్య లేదని సంతోషించినవాళ్లున్నారు. నిజామాబాద్ జిల్లాలో 2011లో వెయ్యి మంది మగవాళ్లకు 1,040 మంది స్త్రీలున్నారు. గల్ఫ్‌కు, ముంబైకి మగవాళ్లు వలస పోయే జిల్లాలో ఆ అంకె స్త్రీల క్షేమానికి కొలమానం కాలేదు. పెద్దవాళ్ల నిష్పత్తిని వలస మారుస్తుంది. కాబట్టి చూడవలసింది పిల్లల గడి.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా అవసరం. ఒక చిన్న ఊళ్లో 60 మంది మగపిల్లలు, 54 మంది ఆడపిల్లలు ఉంటే నిష్పత్తి 900. ఇంకో ముగ్గురు ఆడపిల్లలు పుడితే 950. అంటే ఒక్క ఊరి అంకె పట్టుకుని ఆ ఊరివాళ్లను దోషులుగా నిలబెట్టకూడదు. మండలంలోని ఊళ్లన్నీ కలిపి, 2001, 2011 లెక్కలతో పోల్చి చూడాలి. అప్పుడు కనిపించే పడిపోవడం నిజమైనది. దాన్ని పట్టుకుని స్కానింగ్ కేంద్రాల మీద నిఘా ఏమయిందని అధికారులను అడగవచ్చు.

ఇంతసేపూ ప్రభుత్వం మనల్ని సరిగ్గా లెక్కపెట్టని గడుల గురించి చెప్పాను. చాలా శ్రద్ధగా లెక్కపెట్టిన రిజిస్టరు ఒకటుంది. అది కుటుంబ నియంత్రణ రిజిస్టరు. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77లో, దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే వాటిలో 62 లక్షలు మగవాళ్లకు చేసినవి. ఆ బలవంతానికి ప్రభుత్వమే పడిపోయింది. ఆ తర్వాత భారం దాదాపు అంతా స్త్రీల ఒంటి మీదికి మళ్లింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం. దేశం మొత్తం మీద 37.9 శాతం. మగవాళ్ల ఆపరేషన్ దేశంలో 0.3 శాతం. అదే సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. చదువు మధ్యలో పెళ్లి, వెంట వెంటనే ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ఆపరేషన్: మన పల్లెల్లో ఎందరో ఆడపిల్లల జీవితం ఈ వరుసలోనే నడిచింది. జననాల రేటు తగ్గిందని ప్రభుత్వాలు బహుమతులు అందుకున్నాయి. దాని ఖరీదు ఆ ఒళ్లు కట్టాయి. 2016లో సుప్రీంకోర్టు ఆపరేషన్ శిబిరాలను మూడేళ్లలో ఎత్తివేయమని ఆదేశించింది. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు.

ఈ జనాభా రాజకీయం పంచాయతీ గడప కూడా తొక్కింది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీ చేయరాదంది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ స్త్రీలను పంచాయతీకి పిలిచిన రెండేళ్లకే ఈ తలుపు వేశారు. ఎప్పుడు పెళ్లాడాలో, ఎందరిని కనాలో నిర్ణయించే అధికారం లేని స్త్రీ, ఆ నిర్ణయానికి శిక్షగా పదవి పోగొట్టుకోవాలి. నిర్మలా బుచ్ ఐదు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఈ నిబంధన పేరుతో భార్యను వదిలేయడం, గర్భస్రావాలు, బిడ్డను దాచడం వంటివి జరిగాయనీ, దెబ్బ ఎక్కువగా దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాలవాళ్ల మీద పడిందనీ అది చూపింది. అయినా 2003లో సుప్రీంకోర్టు హర్యానా కేసులో ఇటువంటి నిబంధనను సమర్థించింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దీన్ని ఎత్తివేసింది. 2025 అక్టోబరులో తెలంగాణ మంత్రివర్గం కూడా అదే నిర్ణయం చేసింది. ఎత్తివేయడం మంచిదే. కానీ ఎందుకు ఎత్తివేశారో వినండి. స్త్రీల రాజకీయ హక్కుకు భంగం కలిగిందని ఏ నాయకుడూ అనలేదు. ముసలివాళ్లు పెరుగుతున్నారు, పనికి మనుషులు తగ్గుతారు, జనాభా తక్కువైతే దక్షిణాదికి లోక్‌సభ స్థానాలు తగ్గుతాయి అన్నారు. 1997లో రాష్ట్ర జనాభా విధానం ప్రకటించి చిన్న కుటుంబం మేలన్న ముఖ్యమంత్రే 2024లో ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చారు. నిన్న వద్దన్నారు, ఇవాళ కావాలంటున్నారు. రెండుసార్లూ ఆమెను అడగలేదు. ఆంధ్రలో ఒక్కో స్త్రీకి సగటున 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు అన్న అంకె ప్రభుత్వాన్ని భయపెడుతోంది. ఆ పిల్లల్ని పెంచే పని మాత్రం ఇప్పటికీ ఏ గడిలోనూ లేదు. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం కూలి లేని ఇంటి పని చేసే స్త్రీ దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతోంది. ఆ పని చేసే మగవాడు 97 నిమిషాలు పెడుతున్నాడు.

మరి సంఘాలుగా మనం ఏం చేయగలం? మొదటిది, లెక్కల మనిషి రాకముందే మన లెక్క మనం వేసుకోవాలి. సంఘం సమావేశంలో ఒక్కో స్త్రీ గడచిన ఏడాదిలో ఏ నెలలో ఏ పని ఎన్నాళ్లు చేసిందో చెప్పాలి, చదువు వచ్చిన అమ్మాయి రాయాలి. నాట్లు, కలుపు, కోత, పాడి, బీడీలు, కుట్టుపని అన్నీ రావాలి. నీళ్లు, కట్టెలు, వంట జనగణన నిర్వచనంలోకి రావు. అవి కూడా రాసుకోండి, ఆ నిర్వచనం మీద పోరాడటానికి అవే ఆధారం.

రెండోది, ఆ రోజు జవాబు చెప్పేది ఆడమనిషి కావాలి. ఈసారి ఫోనులో ఇంటివాళ్లే వివరాలు నింపే వీలు కూడా ఉంది. ఫోను కొడుకు చేతిలోనో భర్త చేతిలోనో ఉంటుంది కాబట్టి ఇంటికి మనిషి వచ్చే పద్ధతి కంటే ఇందులో మనం మరుగున పడే ప్రమాదం ఎక్కువ. పంపే ముందు చదివి వినిపించమని పట్టుబట్టాలి. భర్త ఊళ్లో లేని ఇంట్లో, భర్త లేని ఇంట్లో 'పెద్దను నేనే' అని చెప్పడం ప్రాక్టీసు చేయించండి. నవ్వులాటగా మొదలైనా ఆ ఒక్క మాట పలకడానికి ఎంత ధైర్యం కావాలో అప్పుడు తెలుస్తుంది.

మూడోది, లెక్కలు రాసేవాళ్లలో ఎక్కువమంది మన బడి పంతుళ్లు, పంతులమ్మలు. మండలంలో ఈ పని తహసీల్దారు చేతి మీదుగా నడుస్తుంది. శిక్షణ తరగతుల్లో పాడి నియమం, కౌలు నియమం, కూలి లేని పొలం పని నియమం గట్టిగా చెప్పమని ముందే వినతిపత్రం ఇవ్వండి. ఇవి కొత్తగా అడిగే వరాలేమీ కావు, గత జనగణనల్లో వాళ్ల సొంత పుస్తకంలో రాసుకున్న నియమాలే.

నాలుగోది, కౌలు స్త్రీల భయం తీర్చాలి. కౌలు సంగతి చెబితే భూయజమానికి తెలిసి భూమి లాక్కుంటాడేమోనని చాలామంది నోరు విప్పరు. జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి ఇచ్చిన వివరాలను ఇంకెవరూ చూడటానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగానూ వాడకూడదు. దీనికి రెండో వైపు కూడా వాళ్లకు నిజాయితీగా చెప్పాలి. అక్కడ సాగుదారుగా రాయించుకున్నంత మాత్రాన కౌలు కార్డు రాదు, అప్పు రాదు. ఆ పోరాటం వేరే చేయాలి. కానీ ఊళ్లో సాగు చేసే ఆడవాళ్లు ఎందరన్న అంకె ప్రభుత్వమే అచ్చువేసి ఇస్తే, ఆ పోరాటంలో మనం ఒట్టి చేతులతో నిలబడం.

చివరిది, ఆ వరుస అచ్చయి వచ్చాక దాన్ని గ్రామసభలో చదివించాలి. అంగన్‌వాడీ రిజిస్టరు, ఏఎన్ఎం రిజిస్టరు పక్కన పెట్టుకుని పోల్చాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలే సారా దుకాణాన్ని ఎదిరించారు. చదవడం వచ్చిన చేతులకు అంకెలు చదవడం కష్టం కాదు.

మీ ఊరి 2011 వరుసను జిల్లా పుస్తకం నుంచి రాసుకోండి. మీ సంఘం వేసుకున్న లెక్కను దాని కింద రాయండి. రెండింటినీ ఈ పత్రికకు పంపండి, మనిషి పేర్లు మాత్రం రాయకండి. వచ్చే సంచికలో ఎన్ని పేజీలు కావాలంటే అన్ని పేజీలు వాటికే ఇస్తాం. పై వరుసకూ కింది వరుసకూ మధ్య ఉన్న తేడాయే మనం అడగవలసిన బాకీ.